పసుపులంక కొలతలు

పసుపులంక రివర్ ఫ్రంట్,
విజయవాడ.
8 జూన్ 2025

నాయనమ్మా,

నమస్కారాలు. ఫోన్ చేస్తే "మాటలు గాలికి పోతాయి, కాగితం మీద పెట్టు" అంటావు కాబట్టి పెడుతున్నాను. ఇక్కడ పోస్టు డబ్బా ఎక్కడుందో కనుక్కోవడానికే అరగంట పట్టింది. సెక్యూరిటీ అబ్బాయికి పోస్టు డబ్బా అంటే ఏమిటో తెలీదు.

ముందు మంచి వార్త. మే ముప్పై ఒకటితో బెంజ్ సర్కిల్ ఆఫీసులో ఉద్యోగం మానేశాను. ఏడేళ్ళు ఆ ఏసీ గదిలో కూర్చున్నాను, చాలు. నువ్వు నాకిస్తానన్న నూట ఇరవై గజాల షాపు స్థలంలో కాఫీ షాపు పెడుతున్నాను. ఏటి వైపు గోడ ఉండదు, అంతా అద్దమే. ప్లాను గీయించాను. స్థలం నా పేరు మీదికి రాగానే లోను ఇస్తామని బ్యాంకు వాళ్ళు అన్నారు. దసరా వెళ్ళాక రిజిస్ట్రేషన్ అన్నావు, గుర్తుందిగా? నా ఆశలన్నీ ఇప్పుడు ఆ స్థలం మీదే ఉన్నాయి.

సాయంత్రమైతే సగం విజయవాడ వంతెన దాటి వచ్చి మా గట్టు మీద నడుస్తుంది. పిల్లలకి సైకిళ్ళు అద్దెకిస్తున్నారు. నువ్వు పసుపు ఉడకబెట్టిన కళ్ళం, బాబాయి చెప్పినదాన్ని బట్టి, మా పార్కింగ్ కింద ఎక్కడో ఉండాలి. ఒకసారి వచ్చి చూడు నాయనమ్మా. ఏడేళ్ళయింది నువ్వు ఇటు రాక.

ఒకటే చిక్కు. షాపు స్థలం ముందు ఫుట్‌పాత్ మీద ఒకావిడ చేపల బల్ల పెడుతుంది. పేరు మంగాయమ్మ. కాస్త పక్కకి జరగమని మర్యాదగానే అడిగాను. "యాడికి జరగనమ్మా? ఇది మా చోటే. ఇంకా జరిగితే ఏట్లో పడతా" అంది. చేపల వాసనలో కాఫీ ఎవరు తాగుతారు? మా అసోసియేషన్ ప్రెసిడెంటు జానకిరామ్ గారేమో, "ఆవిడ దగ్గర కాగితం ఉందా? లేకపోతే మనం చూసుకుందాం" అన్నారు. ఆవిడకి లంకలో నిజంగా భూమి ఉండేదా? నీ కొలతల పుస్తకంలో ఉంటుందిగా.

ప్రేమతో,
శాంభవి

*

పామర్రు,
14 జూన్ 2025

చి. శాంభవికి,

ఆశీస్సులు. 8న రాసిన ఉత్తరం 13న అందింది. ఐదు రోజులు. దూరం నలభై కిలోమీటర్లు.

ఉద్యోగం మానేసిన సంగతి వార్తే. మంచిదో కాదో ఇంకా తేలలేదు. స్థలం ఇస్తానన్నాను, ఇస్తాను. ఇక్కడ అందరం కులాసా. మీ బాబాయి విశ్వేశ్వర్‌కు కాలేజీలో పరీక్షలు. నాకు కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమది పనిచేస్తుంది.

మంగాయమ్మ సంగతి. భూమి ఉండేది. ఏరు కోసుకుపోయింది. నీకు లంక తెలియదు కనుక వివరంగా రాస్తున్నాను.

లంకలో గట్లు నిలవవు. పెద్ద వరద వచ్చినప్పుడల్లా ఒండ్రు కప్పేసి హద్దులు కనపడకుండా పోతాయి. అందుకని వరద తీశాక ఎగువ కొస నుంచి దిగువ కొస దాకా జనుపతాడుతో కొలిచి, ఎవరి తాళ్ళు వాళ్ళకు అప్పగించేవాళ్ళు. తాడు నలభై గజాలు. లంక పొడవు ముప్పై తాళ్ళు. అందులో మనవి మూడు. మంగాయమ్మ భర్త పోలరాజుది అన్నిటికంటే దిగువన తాడున్నర. వాళ్ళు చేపలు పట్టేవాళ్ళు. ఆ ముక్కలో దోసపాదులు పెట్టుకునేవాళ్ళు. కొలిచి పుస్తకంలో రాయడం మన ఇంటి పని. మీ ముత్తాత తరవాత మీ తాతయ్య చేశారు.

2009 అక్టోబరు వరదలో మమ్మల్ని ఒడ్డున బడిలో ఉంచారు. అక్కడే మీ తాతయ్య గుండె ఆగి పోయారు. ఆయన పోయిన ఇరవయ్యో రోజు నేను తాడు పట్టుకున్నాను. పట్టకూడదన్నారు. ముప్పై రెండేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, నాకంటే బాగా కొలిచేవాళ్ళు ఎవరున్నారో చెప్పమన్నాను.

ముందురోజు సాయంత్రం పోలరాజు వచ్చి, "తాడు ఇవ్వండమ్మా, గంగకి చూపించి తెస్తా" అన్నాడు. అదొక ఆచారం. తాడుకు పసుపు రాసి, పడవకు కట్టి, తెల్లారేదాకా ఏట్లో వదిలేసేవాళ్ళు. పొద్దున దణ్ణం పెట్టుకుని ఆ తడి తాడుతోనే కొలత మొదలు. మీ తాతయ్య ఒక్క ఏడూ మానలేదు. నాకు ఇష్టం లేకపోయినా ఊరుకునేదాన్ని. ఇకమీదట ఇలాంటివి వద్దని పోలరాజుకు చెప్పాను. "సరేనండి" అని వెళ్ళాడు. శుభ్రంగా పొడిగా ఉన్న తాడుతో కొలిచాను.

ఇరవై ఎనిమిదిన్నర తాళ్ళు అందరికీ అందాయి. దిగువన పోలరాజుకు అరవై గజాలు రావాలి. మూడు గజాలే మిగిలాయి. మిగతాది ఏరు కోసింది. అలాగే రాశాను. ఆ ఏడే అందరి హద్దుల్లోనూ సిమెంటు రాళ్ళు పాతించాను. ఆ తరవాత మళ్ళీ కొలవలేదు. 2018లో రివర్ ఫ్రంట్ కోసం ప్రభుత్వం లంక తీసుకున్నప్పుడు ఆ రాళ్ళనూ నా పుస్తకాన్నీ చూసే అందరికీ ప్లాట్లు ఇచ్చారు. మనకు ఇంటి స్థలం, షాపు స్థలం వచ్చాయి. పోలరాజుకు రాలేదు. మూడు గజాలకు ఏమిస్తారు.

ఇదీ జరిగింది. ఉన్నది ఉన్నట్టు రాశాను.

నాయనమ్మ
జ్ఞానప్రసూనాంబ

*

పసుపులంక,
29 జూన్ 2025

నాయనమ్మా,

నీ ఉత్తరం మా ప్లాను గీసే అతనికి చదివి వినిపించాను. అతను "మీ నాయనమ్మగారు ఇంజినీరా?" అన్నాడు. గర్వంగా ఉంది. గంగకి చూపించడం అనే మాట మాత్రం భలే ఉంది, షాపులో గోడ మీద రాయించనా?

మంగాయమ్మ నన్ను పట్టేసింది. నిన్న అటుగా వెళ్తుంటే కత్తిపీట మీంచి తలెత్తి, "నువ్వు పంతులమ్మగారి మనవరాలివా? ఆ ముక్కు చూసే అనుకున్నాలే" అంది. పోలరాజు పోయి నాలుగేళ్ళయిందట. నువ్వెలా ఉన్నావని అడిగింది. "అప్పట్లో ఆవిడ కర్ర తీస్తే మా పిల్లలు ఏట్లో దూకి ఆ ఒడ్డుకి పారిపొయ్యేవోళ్ళు" అని పగలబడి నవ్వింది. తర్వాత రెండు జెల్ల చేపలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. "మేం తినమండీ" అంటే "అయితే చూసుకో, అందంగా ఉంటయ్యి" అంది! పక్క ఫ్లాటు తెరేసమ్మ ఆంటీకి ఇచ్చేశాను.

మనిషి మంచిదే. కానీ బల్ల మాత్రం కదలదు. జానకిరామ్ గారు నీ పుస్తకంలో ఆ పేజీ జిరాక్సు కావాలంటున్నారు. అది చూపిస్తే "మా చోటు" అనే మాట ఆగిపోతుందట. పంపుతావా?

శాంభవి

*

పామర్రు,
5 జూలై 2025

చి. శాంభవికి,

ఆశీస్సులు. జిరాక్సు జతచేశాను. 2009, పేజీ 41. కింద నా సంతకం, ఆరుగురు రైతుల సంతకాలు, పోలరాజు వేలిముద్ర ఉన్నాయి.

తగాదా ఉన్న మనిషి చేతి నుంచి ఏమీ తీసుకోకూడదు. చేపలైనా సరే. నువ్వు తింటావా, తినవా అన్నది కాదు విషయం. రేపు ఆవిడ నీకు ఇచ్చానంటుంది, నువ్వు కాదనలేవు.

ఎవరి చోట వాళ్ళుండాలి. కాగితం చెప్పిన మాట ఆవిడకు నెమ్మదిగా చెప్పు. నా పేరు చెప్పి చెప్పు. ఆవిడకు నేనంటే గౌరవం ఉంది.

గోడ మీద అలాంటివి రాయించకు.

ఇక్కడ వానలు పట్టాయి. మా వాకిట్లో రెండు రోజులు నీళ్ళు నిలిచాయి. మీ బాబాయి కాలువ తీయించాడు.

నాయనమ్మ

*

పసుపులంక,
27 జూలై 2025

నాయనమ్మా,

నమస్కారాలు. నువ్వు చెప్పినట్టే అయిపోయింది. ఎవరి చోట వాళ్ళుండాలన్నావు కదా, జానకిరామ్ గారికి నీ ఉత్తరం, జిరాక్సు రెండూ ఇచ్చేశాను. శుక్రవారం పొద్దున నలుగురు వచ్చి బల్ల ఎత్తి వ్యాన్లో వేసుకుపోయారు. నేను పైనుంచి చూశాను. గొడవేమీ జరగలేదు. మంగాయమ్మ కత్తిపీట మాత్రం చంకలో పెట్టుకుని పక్కన నిలబడింది. అంతే.

ఇప్పుడు గట్టు మెట్లు దిగాక, నీళ్ళ అంచున తట్ట పెట్టుకుని కూర్చుంటోంది. అక్కడ అసోసియేషన్‌కి అధికారం లేదట. కొనేవాళ్ళు దిగి వెళ్తున్నారు. నాకు కొంచెం బాధేసిన మాట నిజం. నేను దిగి వెళ్ళి, "ఇది నా నిర్ణయం కాదండీ, పుస్తకంలో అలా ఉంది" అన్నాను. ఆవిడ పొలుసు తీస్తూనే ఉంది. "ఆ ఏడు పంతులమ్మగారు తాడుకి నీళ్ళు తాపలేదుగా" అంది.

పదహారేళ్ళయినా ఆ పూజ పట్టింపు పోలేదు చూడు! గంగమ్మకి చూపించకపోతే భూమి పోయిందని నమ్ముతోంది పాపం. "మా నాయనమ్మ లెక్కల టీచరండీ, ఆవిడకి గంగమ్మ కంటే టేపే గొప్ప" అన్నాను నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు.

పునాదికి మార్కింగ్ వేశాం. ఫొటో పంపుతున్నాను. ముగ్గు గీసినట్టుంది కదూ?

శాంభవి

*

పామర్రు,
2 ఆగస్టు 2025

చి. శాంభవికి,

బల్ల ఎత్తించమని నేను ఎక్కడ రాశాను? 5వ తేదీ ఉత్తరం నకలు నా దగ్గర ఉంది. మళ్ళీ చదివాను. నెమ్మదిగా చెప్పమన్నాను. నా పేరుతో చెప్పమన్నాను. సొంత ఉత్తరం బయటివాళ్ళ చేతిలో పెట్టమని అనలేదు. నువ్వు నీకు కావలసింది చదువుకున్నావు.

నా పనిని వేళాకోళం చెయ్యకు. టేపు సంగతి మంగాయమ్మతో అనవలసిన మాట కాదు.

ఇంకొకటి. తాడు గురించి ఆవిడ ఏమందో ఉన్నది ఉన్నట్టు మళ్ళీ అడిగి రాయి. నీ నవ్వులు, నీ అభిప్రాయాలు కలపకుండా ఆవిడ మాటలు మాత్రమే.

నాయనమ్మ

*

పసుపులంక,
10 ఆగస్టు 2025

నాయనమ్మా,

జిరాక్సు పంపింది నువ్వు. సంతకం నీది. ఇప్పుడు తప్పు నాదా? సరేలే.

అడిగాను. ఆవిడ మాటలు మాత్రమే రాస్తున్నాను, ఒక్క అక్షరం కలపకుండా: "తాడు నీళ్ళు తాగితేనేనమ్మా నలభై. పొడి తాడు నలభై కాదు. మీ తాతగారికి తెలుసు."

ఇంకేమైనా చెప్తారా అంటే "ఇంకేముంది" అంది.

శాంభవి

*

పామర్రు,
24 ఆగస్టు 2025

చి. శాంభవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం 14న అందింది. వెంటనే జవాబు రాయలేదు. కారణం రాస్తున్నాను.

15న పెద్ద వాన కురిసింది. వరండాలో నా నులక మంచం తడిసింది. మర్నాడు దాని మీద కూర్చుంటే బల్ల మీద కూర్చున్నట్టుంది. తడిస్తే నులక బిగుస్తుంది. ఈ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా అమ్మ మంచం వదులైతే నీళ్ళు చల్లి ఎండలో పెట్టేది. నులకా తాడే. తెలిసిన సంగతిని తాడు దగ్గర ఆలోచించలేదు.

విశ్వేశ్వర్ చేత వన్ టౌన్ నుంచి జనుపతాడు తెప్పించాను. మేస్త్రి దగ్గర ఇనుప టేపు అడిగి తీసుకున్నాను. పొడి తాడు మీద సరిగ్గా ఇరవై ఒక్క గజానికి రెండు ముడులు వేశాను. రాత్రంతా గంగాళంలో నానబెట్టాను. పొద్దున తీసి వాకిట్లో పరిచి కొలిచాను. ముడికీ ముడికీ మధ్య ఇరవై గజాల రెండంగుళాలు. ఎండబెట్టి మళ్ళీ నానబెట్టాను. ఇరవై గజాల ఒక అంగుళం. మూడోసారి ఇరవై గజాలు. మీ బాబాయి ఒక చివర పట్టుకున్నాడు. "అమ్మా, చాలు" అన్నాడు. చాలలేదు. నాలుగోసారి కూడా కొలిచాను.

కాబట్టి లెక్క ఇది. మన తాడు తడిస్తే నలభై గజాలు. పొడిగా ఉంటే నలభై రెండు. మీ తాతయ్య, ఆయన తండ్రి తాడును నానబెట్టింది దేవుడి కోసం అయినా కాకపోయినా, నానబెట్టిన తాడే ఏటా ఒకే పొడవు ఉంటుంది. నేను దాన్ని మూఢనమ్మకం అన్నాను. కొలిచే ముందు తాడును టేపుతో సరిచూడనూ లేదు. కొలతబద్ద పట్టుకునే ముందు ఆ బద్ద సరైనదో కాదో చూడమని ముప్పై రెండేళ్ళు పిల్లలకు చెప్పాను.

నేను పంచిన ఇరవై ఎనిమిదిన్నర తాళ్ళలో ఒక్కో తాడుకు రెండు గజాలు ఎక్కువ పోయాయి. మొత్తం యాభై ఏడు గజాలు. పోలరాజుకు తగ్గింది యాభై ఏడు గజాలు. ఏరు ఒక్క గజం కూడా కొయ్యలేదు. అంతటా కొత్త ఒండ్రు. ఎక్కువ వచ్చినవాళ్ళు ఎవరూ ఎక్కువ వచ్చిందని చెప్పరు. తక్కువ వచ్చినవాడికి నేను ఏరు తీసుకుందని చెప్పి వేలిముద్ర వేయించుకున్నాను. పైగా రాళ్ళు పాతించాను.

నాకు ఏమనిపించిందో రాయడం చేతకావడం లేదు. ఏమీ అనిపించలేదు అనడమే సరి. మీ తాతయ్య పోయినప్పుడూ ఇంతే.

నిర్ణయం రాస్తున్నాను. నూట ఇరవై గజాల షాపు స్థలం మంగాయమ్మ పేరు మీద పెడుతున్నాను. నీకు మాట ఇచ్చిన సంగతి మరిచిపోలేదు. పునాది పని ఆపు.

నాయనమ్మ

*

పసుపులంక,
31 ఆగస్టు 2025

నాయనమ్మకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు నాలుగుసార్లు కొలిచావు కదా, నేను ఇంకోసారి చదవాలేమో.

లెక్కలు నాకూ వచ్చు. నువ్వే నేర్పావు. మనవి మూడు తాళ్ళు. మనకి ఎక్కువ వచ్చింది ఆరు గజాలు. ఆరే ఆరు. మిగతా యాభై ఒక్క గజాలు ఇంకెవరెవరో తిన్నారు. వాళ్ళంతా ఇక్కడే ఉన్నారు, మా జానకిరామ్ గారి మామగారికే పది దాకా వచ్చి ఉంటాయి. వాళ్ళెవరూ ఇవ్వరు. మనమెందుకు మొత్తం ఇవ్వాలి? ఆరు గజాల తప్పుకి మొత్తం షాపు స్థలమా? ఇది ఏ బడిలో లెక్క?

నేను ఉద్యోగం వదిలేశాను. నీ మాట నమ్మి వదిలేశాను. ప్లానుకి, మార్కింగ్‌కి, ఇన్ని నెలలకి అయిన నష్టం ఏ పుస్తకంలో రాస్తావు? నీ చేతిలో నష్టపోయినవాళ్ళు ఇద్దరు అవుతారు, అది చూసుకున్నావా? నిన్ను తప్పుబట్టడానికి ఒక్కళ్ళు కూడా లేకుండా ఉండాలని, నన్ను తీసి ఆవిడ చోట పెడుతున్నావు. ఇది న్యాయం కాదు నాయనమ్మా, నీ పేజీ శుభ్రం చేసుకోవడం.

ఆవిడకి వేరే చోట బల్ల ఇప్పిస్తాను. మీటింగ్‌లో నేనే మాట్లాడతాను. గట్టిగా మాట్లాడతాను. స్థలం మాత్రం ఇవ్వకు. దయచేసి.

శాంభవి

*

పామర్రు,
7 సెప్టెంబర్ 2025

చి. శాంభవికి,

ఆరు గజాల లెక్క సరైనదే. నేనూ వేశాను. కానీ ఎక్కువ తీసుకున్నవాళ్ళకు అది ఎక్కువని తెలియదు. తాడు పట్టుకున్నది నేను ఒక్కదాన్నే.

నా పేజీ శుభ్రం చేసుకోవడం అన్నావు. కావచ్చు. నేను ఎందుకు చేస్తున్నానన్నది మంగాయమ్మకు పనికొచ్చే విషయం కాదు. స్థలం పనికొస్తుంది.

ఇంటి స్థలం ముందే మీ నాన్న పేరు మీద పెట్టాను. అక్కడ కట్టిన ఫ్లాటు నీకు ఉంటుంది. నా పేరు మీద మిగిలింది ఈ ఒక్కటే. లేకపోతే వేరేది ఇచ్చేదాన్ని.

దసరా వెళ్ళాక వస్తాను. మీ బాబాయి తీసుకొస్తాడు. నువ్వు రానక్కర్లేదు.

నాయనమ్మ

*

పామర్రు,
16 అక్టోబర్ 2025

చి. శాంభవికి,

ఆశీస్సులు. నువ్వు జవాబు రాయలేదు. అయినా జరిగింది నీకు తెలియాలి కనుక రాస్తున్నాను.

10వ తేదీ శుక్రవారం ఉదయం పదిన్నరకు వంతెన దాటాం. లంక నేను గుర్తుపట్టలేదు. ఎగువ కొస ఎక్కడో విశ్వేశ్వర్ చెబితే తెలిసింది. నీ ఫ్లాటు కింది నుంచే నడిచాం. పైన నీ బాల్కనీలో ఆరేసిన బట్టలు కనపడ్డాయి. తలుపు తట్టమంటావా అని మీ బాబాయి అడిగాడు. వద్దన్నాను.

గట్టు మెట్లు ఇరవై రెండు. పట్టుకోవడానికి పక్కన కమ్మీ లేదు. విశ్వేశ్వర్ చెయ్యి పట్టుకుని దిగాను. మంగాయమ్మ కింద ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేవబోయింది, మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చుంది.

"బాగున్నారా అండీ పంతులమ్మగారూ? చిక్కిపొయ్యారే."

ఎవరో వచ్చి శీలావతి చేప కావాలన్నారు. వాళ్ళకు కోసి ఇచ్చేదాకా ఆగాను. తరవాత చెప్పాను. ఆ ఏటి కొలత తప్పని, తప్పు నాదని, ఏరు కొయ్యలేదని. గజాలతో సహా చెప్పాను. ఎడమ చెవి అటు పెట్టి ఆవిడ ఏమంటుందోనని నిలబడ్డాను.

"అవునండి" అంది.

"నీకు తెలుసా?"

"ఆ రోజే తెలుసండి. మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, పంతులమ్మగారి తాడు పెద్దదయిపోయింది, మనది మొత్తం ఎగువోళ్ళకి పోయింది అన్నాడు."

"మరి వేలిముద్ర ఎందుకు వేశాడు? అప్పుడే నాతో చెప్పొచ్చుగా?"

మంగాయమ్మ నా వైపు చూసింది. "ఎట్టా చెప్తాడండీ? కృష్ణారావుగారు పోయి ఇరవై రోజులు కూడా గడిచినయ్యో లేదో. మీరేమో ఒక్క చుక్క కన్నీళ్ళు లేకుండా ఆ ఎండలో తాడు పట్టుకుని నడుస్తన్నారు. మధ్యలో ఆపితే అక్కడే కూలిపోతారేమోనని భయమేసిందంట. ఈ ఏటికి పోనియ్యి, మళ్ళా వరదకి ఎటూ కొలుస్తారుగా, అప్పటికి ఆవిడ తేరుకుంటది, అప్పుడు చెప్దాం అన్నాడు."

మళ్ళీ వరదకు నేను కొలవలేదు. రాళ్ళు పాతించాను. మళ్ళీ కొలవనక్కర్లేదని అందరూ నన్ను మెచ్చుకున్నారు. పోలరాజు కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. రాళ్ళు మోసినవాళ్ళలో అతనొకడు.

"తరవాతైనా చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా అండీ."

ఇందులో కోపం లేదు. నేను వెతికాను. ఆవిడ చేతులు పొలుసు తీస్తూనే ఉన్నాయి.

స్థలం సంగతి చెప్పాను. ఏ స్థలమో, ఎన్ని గజాలో చెప్పాను. తాడున్నర భూమికి ఇది సరిపోదని, నా దగ్గర ఉన్నది ఇంతేనని కూడా చెప్పాను. వద్దంటుందేమో అనుకున్నాను. ఏడుస్తుందేమో అని కూడా అనుకున్నాను. ఆవిడ గట్టు మీదికి ఒకసారి చూసి, "నీళ్ళ కుళాయి ఉందా ఆడ?" అంది. పెట్టించుకోవచ్చన్నాను. "ఎప్పుడు రావాలండి ఆఫీసుకి?"

సోమవారం అన్నాను.

"సోమారం కుదరదండీ. కార్తీకమాసం రాబోతంది, నెలరోజులు ఎవురూ కొనరు. ఈ నాలుగు రోజులే బేరం. మంగళారం పొద్దున్నే వస్తా."

14వ తేదీ మంగళవారం పదకొండున్నరకు రిజిస్ట్రేషన్ అయింది. కూతురు నాగలక్ష్మి తోడు వచ్చింది. ఆ అమ్మాయి నాతో మాట్లాడలేదు. గుమ్మం దగ్గర నా చెప్పులు జనం కాళ్ళకు తగిలి ఎటో పోతే మాత్రం వెతికి తెచ్చి నా ముందు పెట్టింది. బల్ల తిరిగి ఇవ్వమని మీ జానకిరామ్ గారికి నా పేరుతో ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకున్నాను. పుస్తకంలో 41వ పేజీ చింపలేదు, కొట్టెయ్యలేదు. కింద ఉన్న ఖాళీలో జరిగింది రాసి తేదీ వేశాను.

నువ్వు పాత ఆఫీసుకే మళ్ళీ వెళ్తున్నావని, ముందున్న కుర్చీ ఇవ్వలేదని, కొత్తగా చేరినవాళ్ళ పక్కన కూర్చోబెట్టారని మీ నాన్న చెప్పాడు. దానికి కారణం నేనని నాకు తెలుసు. ఎవరో చెప్పేదాకా ఆగక్కర్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు మీ బాబాయి కారు ఆపి, "ఇప్పుడు తేలిగ్గా ఉందా అమ్మా?" అన్నాడు. ఏమీ లేదన్నాను. ఇంటికి వచ్చి స్నానం చేసి అన్నం తిన్నాను. పడుకున్నాను. నిద్ర పట్టింది.

నువ్వు రాసింది నిజమే. నా చేతిలో నష్టపోయినవాళ్ళు ఇద్దరు. పోలరాజుది తెలియక చేశాను. నీది తెలిసే చేశాను.

నాయనమ్మ
జ్ఞానప్రసూనాంబ